చంకలో కుక్కపిల్ల, చెవిలో హారన్లు

మా లడ్డూగాడికి 11 వారాలు. 3 నుంచి 14 వారాల మధ్య చూసిన మనుషులు, విన్న చప్పుళ్లే కుక్కపిల్లకి మామూలైపోతాయి. ఆ వయసు దాటాక కొత్తదేది ఎదురైనా బెదురే. డాక్టరేమో 16 వారాల ఇంజెక్షన్ పడేదాకా రోడ్డు మీద దించొద్దు, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) వస్తుందంటారు. ఈ రెండు లెక్కలకీ మధ్యలో నలిగేది నేను. అందుకే కూకట్‌పల్లి రోడ్ల మీద చంటిపిల్లాడిలా చంకనేసుకుని తిప్పుతున్నా.

తిప్పనిస్తేగా! సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంటుంది, వెనక బైకువాడు హారన్ మీద వేలు తియ్యడు. వీడు నా చొక్కాలోకి దూరిపోయి వణుకు. టీకొట్టు దగ్గర ఒకాయన చెప్పాపెట్టకుండా చాయ్‌లో ముంచిన బిస్కెట్ నోట్లో కుక్కేశాడు. వద్దు బాబాయ్ అంటే "ఏం కాదులేవయ్యా, మా ఊళ్లో కుక్కలు ఇవే తింటాయి" అని నాకే పాఠం. (ఆ రాత్రి నాలుగుసార్లు తుడిచింది ఆయన కాదు.) పిల్లలేమో ముద్దు చేస్తున్నామంటూ తోక లాగుతారు.

అన్నిటికన్నా ఘోరం మా లిఫ్టు. అరచేతంత ప్రాణిని చూసి "కరుస్తదా?" అంటూ ఒకావిడ గోడకి అతుక్కుపోతారు. మెట్లెక్కి పొమ్మని అసోసియేషన్ హుకుం. లిఫ్టులో పెంపుడు కుక్కల్ని ఆపకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది మహాప్రభో అంటే వినేదెవరు? మాది ఐదో అంతస్తు. వీడు రోజురోజుకీ బరువెక్కుతున్నాడు.