రొయ్యల చెరువుకు సోలార్ సబ్సిడీ ఎవరి పేరున ఇవ్వాలి?

ఇంటి కప్పు మీద సోలార్ పెట్టుకుంటే పీఎం సూర్యఘర్ కింద కేంద్రం రూ.78,000 దాకా ఇస్తోంది. పొలం పంపుసెట్టుకు పీఎం కుసుమ్ ఉంది. భీమవరం, కైకలూరు చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఈ రెండిట్లోనూ సరిగ్గా ఇమడవు. అవి వ్యాపారం కదా అంటారు. వ్యాపారమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఆ వ్యాపారానికి కరెంటు సబ్సిడీ ఇప్పటికే ఉంది. టారిఫ్ యూనిట్‌కు రూ.3.85 అయితే అర్హత ఉన్న ఆక్వా రైతు కట్టేది రూ.1.50. మిగతా రూ.2.35 ఖజానాదే. కాబట్టి ఇవ్వాలా వద్దా అనే చర్చ ఎప్పుడో అయిపోయింది. ఆ డబ్బు ఏటా బిల్లుల్లో కరిగిపోవాలా, ఒకసారి పెట్టుబడి కావాలా అన్నదే తేలాలి.

కిలోవాట్ సోలార్ నుంచి ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు వస్తాయి. ఆ మేరకు సబ్సిడీ కరెంటు తగ్గితే ప్రభుత్వానికి దాదాపు రూ.3,300 మిగులుతుంది. ఇళ్లకు ఇస్తున్నట్టే కిలోవాట్‌కు రూ.30,000 ముందే ఇచ్చినా తొమ్మిదేళ్లలో తిరిగొస్తుంది. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేస్తాయి. రైతుకు మాత్రం ఈ లెక్క పట్టదు. రూపాయిన్నరకు కరెంటు వస్తుంటే సొంత డబ్బుతో సోలార్ ఎవరు పెడతారు?

అసలు చిక్కు రాత్రి పూట. అర్ధరాత్రి దాటాక నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున ఏరేటర్లు (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, చూస్తుండగానే పంట పోతుంది. అప్పుడు ఎండ ఉండదు. పైగా బ్యాటరీ లేకుండా కరెంటు లైన్ల (గ్రిడ్)కు కలిపే మామూలు సోలార్, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. గట్టు మీది డీజిల్ జనరేటర్ ఎక్కడికీ పోదన్నమాట. పగలు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లను రాత్రి తిరిగిచ్చేది డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ. ఆ ఖర్చు కలిపితే పై తొమ్మిదేళ్లు ఇంకాస్త సాగుతాయి. సబ్సిడీలో కొంత బ్యాటరీకి, తక్కువ కరెంటు తాగే ఏరేటర్లకు కేటాయిస్తే ఉపయోగం ఎక్కువ.

కోళ్ల ఫారాలది వేరే కథ. వేసవి మధ్యాహ్నం ఫ్యాన్లు గట్టిగా తిరిగే వేళకే ఎండా దంచుతుంది. వాళ్లకు గ్రాంటు కన్నా తక్కువ వడ్డీ రుణం, త్వరగా నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును బిల్లులో తగ్గించే పద్ధతి) అనుమతి చాలు. పాత సిమెంటు రేకుల షెడ్లయితే ముందు కప్పే మార్చాలి.

చెరువుల్లో చాలావాటిని కౌలు రైతులే సాగు చేస్తారు. లీజు నాలుగైదేళ్లు, ప్యానెల్ పాతికేళ్లు. పాసుపుస్తకం చూసి సబ్సిడీ ఇస్తే అది భూమి యజమానికి చేరుతుంది, బిల్లు కట్టేది కౌలుదారు. అందుకే ఒక్కో చెరువుకు ఇవ్వడం నాకు నచ్చదు. వ్యవసాయ ఫీడర్లకు (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే కరెంటు లైన్లకు) కుసుమ్‌లో ఫీడర్ స్థాయి సోలార్ ప్లాంట్ల పద్ధతి ఉంది. ఆక్వా ఫీడర్లనూ అందులో చేరిస్తే కౌలుదారుకు కాగితాల టెన్షన్ తప్పుతుంది. వందల ఎకరాల కంపెనీలు అదే ఫీడర్ మీద ఉంటే వాటి వాటా ఖర్చు వాటి నుంచే రాబట్టాలి. ప్లాంటు వచ్చిన ఫీడర్‌లో యూనిట్ సబ్సిడీ ఎంత తగ్గిందో డిస్కం ఏటా ప్రకటించాలి. లేదంటే పాత సబ్సిడీ, కొత్త సబ్సిడీ రెండూ పక్కపక్కనే నడుస్తాయి.