సోషల్ పాఠానికి క్షమాపణా?

విశాఖపట్నం నగరంలోని ఒక క్రైస్తవ యాజమాన్య ఉన్నత పాఠశాలలో, వలస పాలన కాలపు మిషనరీ బడుల పాఠం చెప్పినందుకు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడి చేత బయటివారి ఎదుట క్షమాపణ పత్రం రాయించారు. ఎనిమిదో తరగతి విద్యార్థి నోటు పుస్తకంలోని ఒక పేజీ ఫోన్లలో తిరిగిన సాయంత్రమే అది మత ప్రచారమంటూ కొందరు బడి గేటు ముందు చేరడం, మరునాడు క్షమాపణ, ఆ వెంటనే విద్యాశాఖ సంజాయిషీ నోటీసు, ఆపై ఆయనను తరగతికి రావద్దని యాజమాన్యం నోటి మాటగా చెప్పడం పాఠకులకు తెలిసినవే. ఆ ఉపాధ్యాయుడికి జరిగిన అవమానం చిన్నది కాదు. అంతకంటె మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ వ్యవహారంతో పడిన ఒరవడి. గేటు ముందు పదిమంది నిలబడితే చరిత్ర పాఠం ఆగిపోతుందని ఈ నగరంలో ఇప్పుడు రుజువైంది.

ఇంతకూ ఆయన చెప్పినదేమిటి? వలస పాలన కాలపు విద్య గురించి చెబుతూ, కలకత్తా, మద్రాసులతో సరిపెట్టకుండా విశాఖపట్నం సంగతి కూడా చెప్పారు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో ఈ ఊరికి వచ్చి పిల్లలకు బడి పెట్టారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే పండితుని సాయంతో బైబిలును తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. సువార్తల తెలుగు ప్రతి 1812లో బెంగాల్‌లోని సీరాంపూర్‌లో అచ్చయింది. ఇందులో ఎవరి కల్పనా లేదు. ఆయన అక్కడితో ఆగలేదు కూడా. మిషనరీల వల్ల తన వ్యాపారానికి, పాలనకు చిక్కులు వస్తాయని ఈస్టిండియా కంపెనీ చాలాకాలం జంకిందనీ, బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1813 చార్టర్ చట్టంతోనే వారికి దారి తెరుచుకుందనీ చెప్పారు. అక్షరానికి దూరంగా ఉంచిన కులాల పిల్లలను బడిలో కూర్చోబెట్టడంలో మిషన్ల పాత్రను చెప్పారు. ఆ బడుల వెనుక మతవ్యాప్తి ఉద్దేశం ఉండేదని, దాన్ని ఈ దేశంలో అనేకులు ప్రతిఘటించారని అదే పేజీలో రాయించారు. ఫోన్లలో తిరిగిన చిత్రంలో పేజీ పైభాగం మాత్రమే ఉంది. కింది సగాన్ని చూడాలన్న ఆలోచన గేటు ముందుకు వచ్చినవారికి లేకపోవచ్చు. నోటీసు మీద సంతకం చేసిన అధికారికి ఎందుకు లేకపోయింది?

తమ పిల్లలకు బడిలో ఏం చెబుతున్నారో తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకు ఉందనీ, పాఠం ముసుగులో మత ప్రచారం జరిగితే అడగక తప్పదనీ కొందరు వాదిస్తున్నారు. ఆ హక్కును ఎవరూ కాదనరు. రాజ్యాంగం దానికి మార్గమూ చూపింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు అందుకునే ఏ విద్యాసంస్థలోనైనా విద్యార్థిని అతని సమ్మతి లేకుండా, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు గానీ ప్రార్థనకు గానీ హాజరు కమ్మని నిర్బంధించరాదని 28వ అధికరణం మూడో క్లాజు చెబుతోంది. మైనారిటీ సంస్థలకు 30వ అధికరణం ఇచ్చిన నిర్వహణ హక్కులో సంస్థను చెడగొట్టే హక్కు లేదని సుప్రీంకోర్టు కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో 1958లోనే తేల్చింది. కాబట్టి ఏ క్రైస్తవ పాఠశాలైనా పిల్లలను బలవంతంగా ప్రార్థనకు కూర్చోబెడితే, సోషల్ పీరియడును వాక్య బోధనకు వాడుకుంటే చర్య తీసుకోవలసిందే. అటువంటి ఫిర్యాదును విద్యాశాఖ విచారించకపోతే ఈ పత్రికే నిలదీస్తుంది. అయితే మతాల గురించీ వాటి చరిత్ర గురించీ చదువుకోవడం రాజ్యాంగం నిషేధించిన మతబోధ కాదని, జాతీయ పాఠ్యప్రణాళికపై వచ్చిన వ్యాజ్యంలో అదే న్యాయస్థానం 2002లో స్పష్టం చేసింది. తరగతి గదిలో జరిగినది ఈ రెండింటిలో ఏదో చూడడానికి నోటు పుస్తకం తెప్పించుకుంటే చాలు. విద్యాశాఖ ఆ పనీ చేయలేదు.

ఈ ఒరవడి ఎక్కడికి పోతుందో విశాఖవాసులు ఒక్కసారి ఆలోచించాలి. మన నగరపు చరిత్రలో ఎవరో ఒకరి మనసు నొచ్చుకోని పుట ఎంత వెతికినా దొరకదు. తొట్లకొండ, బావికొండల మీద, పొరుగున శంకరం బొజ్జన్నకొండ మీద శతాబ్దాలపాటు బౌద్ధ భిక్షువులు ఉన్నారు. ఆ విహారాలు ఎందుకు పాడుబడ్డాయని పిల్లవాడు అడిగితే ఉపాధ్యాయుడు ఏదో ఒక సమాధానం చెప్పాలి గదా! సింహాచలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనాల గురించి చెప్పేటప్పుడు ఆయన కళింగ దండయాత్ర గురించి చెప్పక తప్పదు. ఓడరేవు పక్కన మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇషాక్ మదీనా దర్గా, రాస్ హిల్ మేరీమాత చర్చి ఇరుగుపొరుగున ఎలా వెలిశాయో చెబితే మూడు మతాల ప్రస్తావనా వస్తుంది. అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని 1882 నాటి మద్రాసు అటవీ చట్టాన్ని, పోడు మీద ఆంక్షలను, మన్యంలో పన్ను వసూలు చేసే ముఠాదారుల పరిస్థితిని చెప్పకుండా బోధించలేము. అవి చెబితే, అడవి హక్కులు ఈనాటికీ ఎందుకు తేలలేదని మన్యం నుంచి వచ్చిన హాస్టలు పిల్లవాడు అడుగుతాడు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయంటే కాల్పులు ఎవరి హయాంలో జరిగాయన్న ప్రశ్న, ఆ కర్మాగారం ఇప్పుడెలా ఉందన్న ప్రశ్న వెంటనే పుడతాయి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరిన్ వాయువుకు 12 మంది బలైన సంగతి పర్యావరణ పాఠంలో చెబితే పరిశ్రమల వారికి కోపం రావచ్చు. వీరిలో ఎవరు గేటు ముందుకు వచ్చినా, మొన్న ఎవరికో రాసిచ్చిన క్షమాపణ పత్రాన్ని చూపించి తమకూ అలాంటిదే కావాలంటారు. ఏ ముఖంతో కాదంటారు?

ఇంకొక వైపు నుంచి కూడా ఈ ఒరవడి ప్రమాదకరమైనదే. మనోభావాలు గాయపడడమే పాఠాన్ని ఆపడానికి కొలమానమని విద్యాశాఖ ఒప్పుకుంటే, రేపు ఒక క్రైస్తవ యాజమాన్యం వచ్చి జీవపరిణామ సిద్ధాంతం మా విశ్వాసానికి విరుద్ధం కనుక చెప్పబోమంటుంది. మరొక మత సంస్థ తన బడిలో కుల వివక్ష పాఠాన్ని పక్కన పెడతానంటుంది. అప్పుడు వారికి నోటీసులిచ్చే నైతిక బలం ఈ శాఖకు ఎక్కడ మిగులుతుంది? ఈ వారం గేటు ముందు నినాదాలు చేసినవారే ఆ రోజున నిస్సహాయులై నిలబడతారు.

క్రైస్తవ పాఠశాలలో చరిత్ర చెప్పడం మామూలుకంటె బరువైన బాధ్యతని మేమూ అంగీకరిస్తాం. ప్రార్థనా మందిరం ఒకే ప్రాంగణంలో ఉన్నప్పుడు, తరగతిలో సగంమందికి పైగా ఇతర మతాల పిల్లలే కూర్చున్నప్పుడు, ఉపాధ్యాయుడు తన సంస్థ గురించి మరింత నిష్కర్షగా మాట్లాడాలి. మిషన్ల సేవ చెప్పినచోట వలస పాలనతో వాటికున్న పొత్తును, పేచీలను కూడా చెప్పాలి. మతం మారినా కులం వదలలేదనీ, అనేక ఊళ్ళలో చర్చిలో కూర్చునే వరుసల్లోనూ సమాధి నేలలోనూ అది కొనసాగిందనీ చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఎందుకు దక్కలేదో, సిక్కు దళితులకు 1956లోనూ బౌద్ధ దళితులకు 1990లోనూ ఎలా దక్కిందో, మన శాసనసభ 2023లో ఏమి తీర్మానించిందో పౌరనీతి పాఠంలో రావాలి. ఆ కుల ధ్రువపత్రాల చిక్కు ఇంట్లో అనుభవిస్తున్న పిల్లలు ఆ బెంచీల మీదే ఉన్నారు. పేజీ రెండు సగాలూ రాయించిన ఈ ఉపాధ్యాయుడు సరిగ్గా ఇటువంటి బోధనకే ప్రయత్నించారు. గైడు చూసి ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, మిగిలిన పీరియడు లెక్కల మాస్టారికి ఇచ్చేసి ఉంటే ఆయనకు ఏ నోటీసూ వచ్చేది కాదు. ఈ సంగతి నగరంలోని ప్రతి సోషల్ టీచరూ ఈపాటికి గ్రహించే ఉంటారు. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకపోయినా రేపటి నుంచి వారు చెప్పకుండా దాటవేసే పాఠాలు ఎన్నో ఉంటాయి.

ఇక యాజమాన్యం తీరు మరీ విచారకరం. మైనారిటీ హక్కుల మాట ఎత్తితే 30వ అధికరణాన్ని ముందుకు తెచ్చే సంస్థలు, ఆ హక్కును కాపాడుకోవలసిన రోజున తమ ఉపాధ్యాయుడినే ముందుకు తోసి తాము తలుపులు మూసుకున్నాయి. ప్రైవేటు విద్యాసంస్థల ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదని 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం చెబుతుండగా, నోటి మాటతో తరగతికి రావద్దనడం ఆ చట్టం కళ్ళుగప్పడమే. ఫీజుల వసూలులో కనిపించే పట్టుదలలో పదో వంతు ఇక్కడ చూపినా ఆ క్షమాపణ పత్రం పుట్టేది కాదు.

విద్యాశాఖ సంజాయిషీ నోటీసును ఉపసంహరించుకోవాలి. యాజమాన్యం క్షమాపణ పత్రాన్ని రద్దు చేసి, ఆ ఉపాధ్యాయుడిని అదే తరగతికి, అదే పాఠానికి పంపాలి. ఈలోగా జిల్లా విద్యాశాఖాధికారి ఒక ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు చెప్పాలి. వలస పాలన కాలపు విద్య గురించి వార్షిక పరీక్షలో ప్రశ్న వస్తే, ఆ పిల్లలు తమ నోటు పుస్తకంలో ఉన్నది రాయాలా, గేటు ముందు నిలబడినవారు ఒప్పుకునేది రాయాలా? దీనికి జవాబు లేకపోతే నోటీసు ఎందుకిచ్చారో మాకు కాదు, ఆ ఎనిమిదో తరగతి గదికి వెళ్ళి పిల్లలకు చెప్పండి.