మీ ఓటీపీ అడగనివాడు మెంటారెలా అవుతాడు?

స్టార్టప్ పెట్టినవాళ్లందరిదీ ఒకటే మొర: దారి చూపే మంచి మెంటార్ దొరకడం లేదు. 2015లో గచ్చిబౌలిలో స్టార్టప్‌లకు అండగా ఉండే టీ-హబ్ మొదలుపెట్టారు, 2022లో రాయదుర్గంలో దానికి ఇంకా పెద్ద భవనం తెరిచారు. అయినా కొరత తీరలేదు. ఎలా తీరుతుంది? మెంటార్‌కి ఉండాల్సిన సుగుణాలన్నీ మూర్తీభవించిన ఒక వర్గాన్ని మనం సైబర్ నేరగాళ్లని పేరుపెట్టి దూరం చేసుకున్నాం.

పోల్చి చూడండి. అనుభవమున్న మెంటార్‌ని పట్టుకోవాలంటే లింక్డిన్‌లో మెసేజ్ పెట్టి వారాల తరబడి ఎదురుచూడాలి. తీరా దొరికాక ఇచ్చేది ఇరవై నిమిషాలు. అందులో మీ విజన్ గురించి ఒక్క మాట అడగడు. ఇడ్లీ పిండిని సబ్‌స్క్రిప్షన్ మీద ఇంటింటికీ పంపే మహత్తర ఆలోచన చెబితే, ‘ఎండాకాలంలో దారిలోనే పులిసిపోతే డబ్బులు వాపసిస్తారా? పోయిన నెల కొన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ కొన్నారు?’ అంటాడు. పైగా మనం ముందే పంపిన ఎన్‌డీఏ మీద, అంటే గుట్టు బయటపెట్టనన్న ఒప్పందం మీద, సంతకం పెట్టడు. రేపు పిండి రహస్యం బయటికి పొక్కితే బాధ్యత ఎవరిది?

అదే రెండో ఆయనైతే తనే ఫోన్ చేస్తాడు. ‘సార్’ అనకుండా మాట మొదలుపెట్టడు. మీ పాన్ నంబరు, జీఎస్టీ నంబరు గడగడా అప్పజెబుతాడు. అంటే మీ గురించి హోంవర్క్ చేశాడన్నమాట. అర్ధరాత్రయినా అందుబాటులో ఉంటాడు. ఇక పోలీసు యూనిఫాంలో వీడియో కాల్‌లోకి వచ్చాడా, గంటల తరబడి కెమెరా ముందు నుంచి మిమ్మల్ని కదలనివ్వడు. ఇంత ఏకాగ్రత ఏ ఇన్‌క్యుబేటర్ నేర్పుతుంది? డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో ఎక్కడా లేదని ప్రభుత్వం మొత్తుకుంటూనే ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి డబ్బు కట్టించుకుంటే దాన్ని మన స్లైడ్లలో ఇన్నొవేషన్ అనే కదా రాసుకుంటాం!

నిధుల విషయంలోనూ నాన్చడు. క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టండి, సీడ్ ఫండ్ మీ ఖాతాలో పడుతుందంటాడు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే గానీ తీసుకోవడానికి అక్కర్లేదని ఆఫీసు కింద టీ కొట్టు బాబాయికి తెలుసు. మన ఫౌండర్ ఫిన్‌టెక్ మీద వెబినార్లు ఇస్తుంటాడు, అంత చిన్న విషయాలు పట్టించుకోడు.

అలాగని ఆఫీసులో భద్రత లేదనుకునేరు. గాజు తలుపు తెరవాలంటే వేలిముద్ర పడాలి. ల్యాప్‌టాప్ కెమెరాల మీద స్టిక్కర్లు అంటించారు. పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన ఎట్ 123. ఎవరూ మర్చిపోకుండా ‘కోర్ టీమ్’ వాట్సాప్ గ్రూపులో పిన్ చేసి పెట్టారు. ఉగాదికి మానేసి పోటీ కంపెనీలో చేరిన ఇంటర్న్ కుర్రాడు ఆ గ్రూపుకి ఇప్పటికీ అడ్మిన్. వెబ్‌సైట్ డొమైన్ ఫౌండర్ గారి బావమరిది పేరు మీద ఉంది. గృహప్రవేశంలో మాటామాటా అనుకున్న దగ్గర్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. లాగిన్‌కి రెండో కోడ్ కూడా పెట్టమంటే ‘ప్రతిసారీ ఆ టెన్షన్ ఎందుకండీ’ అని ఆపేశారు. కస్టమర్ల ఇంటి చిరునామాలున్న షీటు, లింకు తెలిసిన ప్రతివాడికీ తెరుచుకుంటుంది. పారదర్శకత కంపెనీ విలువల్లో మొదటిది మరి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉందని చెబితే ఫౌండర్ మొహం వెలిగిపోయింది. తన కంపెనీ పక్కన కోట్లు అనే మాట వినడం ఆయనకు అదే మొదలు.

డబ్బు పోయిందని తెలియగానే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, అది నాలుగు ఖాతాలు మారేలోపు ఆపించే వీలుంటుంది. కంపెనీ మీద సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలని 2022 నుంచి నిబంధన ఉంది. మన ఫౌండర్ కూడా ఆ 6 గంటలు వృథా పోనివ్వలేదు, ‘ఓటమి నేర్పిన ఏడు పాఠాలు’ అని లింక్డిన్‌లో పోస్టు రాశాడు. చీకటి పడేలోపే ఓ పెద్దమనిషి ఇన్‌బాక్స్‌లోకి వచ్చాడు. పోయిన సొమ్ము మొత్తం రాబట్టి ఇస్తాడట, ఆపైన మెంటార్‌గా కూడా ఉంటాడట. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం ముందే కట్టాలి. జీఎస్టీ అదనం.