పాత కారు పికప్ పోయిందా? ఇంజిన్ దించే ముందు కొలిపించండి

బెంగళూరులో పాత మారుతి 800నో, జెన్‌నో, ఎస్టీమ్‌నో గ్యారేజీకి తీసుకెళ్లి "పికప్ లేదన్నా" అంటే చాలు, బానెట్ పూర్తిగా లేపకముందే "ఇంజిన్ దించాలి సార్, బోర్ చేయించాలి" అనే మాట వచ్చేస్తుంది, అంటే ఇంజిన్ బయటికి తీసి, అరిగిన సిలిండర్ల లోపలి గోడల్ని (బోరు) మళ్లీ కోయించాలని. చెప్పేవాళ్లలో మన చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మెకానిక్‌లూ ఉన్నారు, వాళ్ల చేతి పనికి వంక పెట్టలేం. కానీ ఏదీ కొలవకుండా ఇంజిన్ దించమనడం మాత్రం తప్పు. ఆ ఖర్చుకి భయపడి, బాగుచేస్తే హాయిగా తిరిగే కార్లను జనం తుక్కు కింద ఇచ్చేస్తుంటే బాధేస్తుంది.

పవర్ పోయింది సరే, అసలు ఎంత ఉండేది, ఆ లెక్క ఎలా కొలిచింది? ముందు ఇది అడగాలి. అమెరికాలో 1971లో 365 హార్స్‌పవర్ అని చెప్పుకున్న క్యాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల ఇంజిన్, 1972లో 235 అని వచ్చింది. ఆ తేడాలో దాదాపు అంతా కొలిచే పద్ధతిదే: అంతకుముందు ఎయిర్ క్లీనర్, ఆల్టర్నేటర్, కారు సైలెన్సర్ లాంటివి లేకుండా ఉత్త ఇంజిన్‌ని స్టాండు మీద పెట్టి కొలిచేవాళ్లు, తర్వాత అవన్నీ బిగించి కొలవడం మొదలుపెట్టారు. అదే ఇంజిన్ 1976 నాటికి 190కి దిగింది. ఇది మాత్రం నిజంగా తగ్గడమే, పొగ నిబంధనలకు తగ్గట్టు ట్యూనింగ్ మార్చినందుకు చెల్లించిన మూల్యం. రెంటినీ కలిపేసి "పాత ఇంజిన్ల సత్తా పోయింది" అనేస్తే అసలు విషయం తెలియదు.

మన దగ్గరైతే ఊరి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైలో కంటే దాదాపు 10 శాతం తక్కువ, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని పెట్రోలు ఇంజిన్ పీల్చుకునే గాలీ ఇంచుమించు అంతే తగ్గుతుంది, దాంతోపాటే పవరూ తగ్గుతుంది. కాగితం మీద 37 హార్స్‌పవర్ ఉన్న, పెట్రోలునీ గాలినీ కార్బొరేటర్ కలిపే పాత మారుతి 800, షోరూమ్ నుంచి వచ్చిన రోజు కూడా ఇక్కడ 33, 34కి మించి ఇచ్చి ఉండదు. ముళబాగిలు, పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరాక బండి హుషారుగా లాగుతుంటే రోడ్డు బాగుందనుకుంటాం, అందులో కొంత వాటా ఆ చిక్కటి గాలిది. ఆ 10 శాతం ఏ సర్వీసింగూ తిరిగి తేలేదు, తెస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి. ఇంకో సంగతి, సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలిచే కంప్రెషన్ గేజ్ చూపించేదీ ఈ పలచటి గాలి ఒత్తిడినే. మాన్యువల్ అంకె సముద్రమట్టం లెక్కలో ఉంటే, ఇక్కడ మంచి ఇంజిన్ కూడా పదో వంతు తక్కువ చూపిస్తుంది. అది చూసి, పిస్టన్ చుట్టూ గాలి జారిపోకుండా ఆపే రింగులు అరిగాయని తేల్చేస్తే అన్యాయం.

నిజంగా పోయిన పవర్ చాలాసార్లు చిన్న చిన్న చోట్ల దొరుకుతుంది. ఇంజిన్ ఆపి, ఎవరినైనా యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కమని, కార్బొరేటర్ అడుగున ఉన్న థ్రాటిల్ రేకు పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. కేబుల్ సాగినా, పెడల్ కింద మందపాటి మ్యాట్ ఉన్నా అది ముప్పావులోనే ఆగిపోతుంది. బ్రేకులు పట్టేస్తున్నాయా, క్లచ్ జారుతోందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ రెంటికీ ఇంజిన్‌తో సంబంధమే లేదు. తర్వాత ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంపే డిస్ట్రిబ్యూటర్. దాని పక్కన, స్పార్కు పడే వేళని సర్దే గుండ్రటి డబ్బాకి వెళ్లే సన్న రబ్బరు గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుక ఆనిస్తే పట్టుకుని ఉండాలి. గాలి వచ్చేస్తుంటే లోపలి పొర చిరిగినట్టే, సిగ్నళ్ల మధ్య సగం పెడల్ మీద నడిపేటప్పుడు పికప్, మైలేజీ రెండూ పడిపోతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటర్‌ని అది తిరిగే వైపు కాస్త తిప్పి వదిలితే స్ప్రింగులాగా వెనక్కి రావాలి. రాకపోతే, స్పీడు పెరిగేకొద్దీ స్పార్కుని ముందుకు జరిపే కింది బరువులు తుప్పుతో బిగుసుకున్నాయి, ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో బండి లాగకపోవడానికి అదే కారణం. శుభ్రం చేసి గ్రీజు పెడితే పోయేదానికి ఇంజిన్ దించడం ఏమిటి?

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు సంగతీ చూడాలి. ఇందులో లీటరుకి శక్తి మామూలు పెట్రోలు కంటే 6, 7 శాతం తక్కువ, పైగా ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంతో కార్బొరేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోలు చాలదు. విచిత్రంగా బెంగళూరు ఎత్తు వల్ల మిశ్రమం చిక్కబడుతుంది కాబట్టి ఇక్కడ కొంత సర్దుకుంటుంది, చెన్నైలో ఆ వెసులుబాటు లేదు. బండి వేడెక్కి, పెడల్ తొక్కగానే తడబడుతుంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెద్దది వేయించి చూడండి, పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఎలాగూ మార్చాలి.

ఇవన్నీ అయ్యాక కూడా పికప్ రాకపోతే అప్పుడు కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, కాయిల్ వైరు పీకేయాలి, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచి సెల్ఫ్ కొట్టాలి. మాన్యువల్ అంకె కంటే సిలిండర్ల మధ్య తేడాని చూడండి, అది 10 శాతం దాటితే అనుమానించాలి. తక్కువున్న దాంట్లో ప్లగ్ రంధ్రంలోంచి ఒక స్పూను ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. కదలకపోతే లోపం వాల్వుల దగ్గరో, హెడ్ (ఇంజిన్ పైభాగం) కింద ఉండే హెడ్ గాస్కెట్ అనే పొర దగ్గరో ఉంది, హెడ్ ఒక్కటి దించితే సరిపోతుంది. పక్కపక్క రెండు సిలిండర్లూ పడిపోతే గాస్కెట్ మీదే నా అనుమానం.

సీసాల్లో అమ్మే పవర్ మందులతో అరిగిన లోహం తిరిగి రాదు. పెద్ద ఇంజిన్ వేసేద్దాం అనుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్‌టీఓ అనుమతి లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. రింగులే పోయాయని తేలితే మాత్రం వెనకాడకుండా చేయించండి, కానీ మెషీన్ షాపులో బోరు పైనా కిందా ఎంతుందో మీ ముందే కొలిచి రాసిమ్మనండి, అరిగిన బోరులో కొత్త రింగులు వేసి ఇచ్చేస్తే ఒప్పుకోకండి. పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు తుమకూరు హైవే మీద ఒకే స్పీడులో తోలకుండా స్పీడు మారుస్తూ నడిపి, ఆయిల్ మార్పించి, మళ్లీ ఒకసారి కంప్రెషన్ కొలిపించి ఆ అంకెలు దాచుకోండి.