వీపు లారీల వైపు, చూపు కుర్రాడి వైపు

జొన్నాడ, రావులపాలెం మధ్య రాత్రి పదకొండు దాటాక వాహనాల తనిఖీ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. హైవే మీద రెండు స్టాపర్లు, మెరుపు పోయిన జాకెట్‌లో ఒక కానిస్టేబుల్, చేతిలో టార్చి. చేపల లోడు లారీలు, కంటైనర్లు ఆయన్ను రాసుకుంటూ పోతుంటాయి. ఆయన వీపు వాటి వైపే ఉంటుంది. చూపు మాత్రం సర్వీసు రోడ్డులోంచి వస్తున్న ముగ్గురెక్కిన బైకు మీద. బండి ఆగీ ఆగగానే చెయ్యి లాఠీ మీదకి పోతుంది. ప్రాణం తీయగలిగేది వెనక నుంచి ఎనభై స్పీడులో వస్తుంటే, జాగ్రత్తంతా ఎదురుగా ఉన్న కుర్రాడి విషయంలోనే.

గోదావరి జిల్లాల పోలీసు భయపడాల్సిన చోట భయపడటం లేదు, అక్కర్లేని చోట భయపడుతున్నాడు. నా వాదన ఇదే. జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కలు తిరగేయండి. డ్యూటీలో చనిపోయిన పోలీసుల్లో ప్రమాదాల్లో పోయినవాళ్లదే పెద్ద వాటా. రౌడీల చేతుల్లో, నేరగాళ్ల చేతుల్లో పోయినవాళ్లు అంతకంటే చాలా తక్కువ. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని స్వచ్ఛంద సంస్థ కామన్ కాజ్, పరిశోధన సంస్థ సీఎస్‌డీఎస్ కలిసి 2019లో తెచ్చిన నివేదిక చెప్పింది. అదే ఏడాది మన రాష్ట్రంలో వీక్లీ ఆఫ్ ప్రకటించారు. బందోబస్తు పడిన ప్రతిసారీ ముందు ఎగిరిపోయేది అదే. నిద్ర లేని కళ్లతో జీపు నడిపే డ్రైవర్ని ఏ స్టేషన్ కూడా ప్రమాదంగా చూడదు. రౌడీషీటర్ ఫొటో మాత్రం గోడ మీద ఉంటుంది.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. పోలీసు మనసులో ‘ప్రమాదం ఇలాంటివాడి నుంచే వస్తుంది’ అనే ఒక బొమ్మ తయారవుతుందని, నడక, బట్టలు, మాటతీరు చూసి దానితో పోల్చుకుంటాడని అమెరికా సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ స్కోల్నిక్ 1966లోనే చెప్పాడు. ఇక్కడ మనం దానికి కులం, పేట, పార్టీ కలిపాం. 2020 జూలైలో సీతానగరం స్టేషన్‌లో ఇసుక లారీలను అడ్డుకున్న దళిత యువకుడికి గుండు కొట్టించారు. ఎస్‌ఐ సస్పెండయ్యారు, అరెస్టయ్యారు. అక్కడితో కథ అయిపోయిందనుకున్నాం. ఇసుక లారీకి అడ్డుపడ్డ మనిషి స్టేషన్‌కు ప్రమాదకారిగా ఎలా కనబడ్డాడన్నది ఎవరూ అడగలేదు.

ఇప్పుడు సంక్రాంతి కోడిపందాలకు రండి. కత్తులు, మందు, లక్షల నగదు, వేల జనం. ఈ నాలుగూ ఒక్కచోట చేరితే ఏ శిక్షణ కేంద్రంలోనైనా దాన్ని అత్యంత ప్రమాదకరమైన స్థలం అనే చెబుతారు. భీమవరం చుట్టుపక్కల, కోనసీమ కొబ్బరి తోటల్లో మూడు రోజులు సరిగ్గా అదే నడుస్తుంది. పండక్కి ముందు వారమంతా ఫ్లెక్సీలు, బైండోవర్లు, కత్తులు కట్టేవాళ్ల మీద కేసులు. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది, మన గేమింగ్ చట్టం 1974 నాటిది, పైగా హైకోర్టు ఆదేశాలు. భోగి మధ్యాహ్నానికి ఇవన్నీ మాయం. బరికి వంద గజాల దూరంలో పోలీసులు ట్రాఫిక్ క్లియర్ చేస్తుంటారు, పక్కన గుండాట టేబుళ్ల మీద లైట్లు వెలుగుతుంటాయి. 2023 సంక్రాంతికి కోడికి కట్టిన కత్తి తగిలి ఉమ్మడి గోదావరి జిల్లాల్లో ఇద్దరు మనుషులు చనిపోయారు. అయినా మరుసటి ఏడాది బరులు తగ్గలేదు. అంత మంది తాగినవాళ్ల మధ్య అంత నిశ్చింతగా నిలబడగలిగిన పోలీసు, అర్ధరాత్రి ఒంటరిగా సైకిల్ మీద వచ్చే వలస కూలీని చూసి ఎందుకు ఉలిక్కిపడతాడు? బరి వెనక ఎవరున్నారో ఆయనకు తెలుసు, కూలీ వెనక ఎవరూ లేరనీ తెలుసు.

‘ఏసీ గదిలో కూర్చుని రాసేవాడికి రాళ్ల దెబ్బ ఏం తెలుసు’ అంటారు. న్యాయమైన మాటే. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవ మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా పోయింది, రాళ్ల దెబ్బలకు పోలీసులు ఆస్పత్రి పాలయ్యారు. గంజాయి బండిని ఆపబోతే గుద్దేసి పోయినవాళ్లూ ఉన్నారు. కానీ అమలాపురంలో ఆ రోజు కనబడింది కూడా పోలీసులు గుంపు మధ్యలో ఇరుక్కోవడమే. కోపం వారం రోజులుగా ఊళ్లో రాజుకుంటుంటే పసిగట్టాల్సిన చూపు అప్పుడెక్కడుంది?

అసలు భయం ఎక్కడుందో మీకూ తెలుసు. టీ కొట్టు దగ్గర ఏ ఎస్‌ఐ గారిని కదిపినా రౌడీల గురించి కాదు, ఫోన్ గురించే చెబుతారు. నాయకుడి మనిషి బండి పట్టుకుంటే ఫోన్. వదిలేస్తే ఎస్పీ ఆఫీసు నుంచి మెమో. రెండింటికీ మధ్య ఒక్కటే మాట, ‘వీఆర్‌కు పంపేస్తారండీ’. వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్, పోస్టింగ్ లేకుండా కూర్చోబెట్టడం. కత్తిపోటుకు ఆస్పత్రి ఉంది, వీఆర్‌కు లేదు. పిల్లల స్కూలు, అద్దె ఇల్లు, తెచ్చిన అప్పు, పోస్టింగ్ కోసం తిరిగిన తిరుగుడు అన్నీ ఒక్క ఆర్డర్‌తో పోతాయి. అలాంటి టెన్షన్‌లో ఉన్నవాడు తన కసిని ఎవరి మీద తీర్చుకుంటాడు? ఫోన్ చేయలేనివాడి మీద. అందుకే పోలీసు దురుసుతనం గురించి రాసే ప్రతి వ్యాసం చివరికి పోస్టింగుల కోసం ఎమ్మెల్యే ఇచ్చే సిఫారసు లేఖ గురించి రాయక తప్పదు.

2006 సెప్టెంబర్ 22న పోలీసు సంస్కరణల కోసం మాజీ డీజీపీ ప్రకాశ్‌సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్లు, డీఎస్పీ వరకు బదిలీలు పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చేతిలో. ఏ పార్టీ వచ్చినా ఈ తీర్పును కాగితం మీదే పాటిస్తుంది. ప్రభుత్వం మారిన నెలకు సీఐల జాబితా చూడండి, ఎవరు ఎక్కడ మిగిలారో లెక్క తేలుతుంది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ తొక్కిసలాటలో కనీసం 27 మంది పోయారు. జనం ఎక్కడ గట్టిపడుతున్నారో చూసి, పైనుంచి మాట కోసం ఆగకుండా గేటు తెరిపించగలిగే అధికారి ఊరును ఎరిగి ఉండాలి, ఉద్యోగం పోదన్న ధీమా ఉండాలి. పుష్కరాలు ముగిసేదాకా నదీతీరం స్టేషన్ల ఎస్‌ఐలను, సీఐలను కదపబోమని ప్రభుత్వం ఒక్క జీవో ఇవ్వాలి. ఈలోగా బదిలీ కోసం ఎవరి లేఖ వచ్చినా, ఎవరికోసం ఎవరు రాశారో జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఏ ఎమ్మెల్యే గారు దీనికి ముందుగా అభ్యంతరం చెబుతారో చూద్దాం.