ఉభయకుశలోపరి: రూల్ నంబర్ 1.31 గారికి

వాషింగ్టన్ డీసీలో కాపురముంటున్న రూల్ నంబర్ 1.31 గారికి, వారి తోడబుట్టిన రూల్ 1.35 గారికి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నేనెవరో మీకు తెలీదు. మీరెవరో నాకు బాగా తెలుసు. సాయంత్రం ఆరున్నరకి క్యాబ్ ఎక్కింది మొదలు తెల్లారి ఇంటి దగ్గర దిగేదాకా నేను చేసేది మీ చాకిరీయే. అమెరికాలో ఫ్యూచర్స్, ఆప్షన్స్, స్వాప్‌ల (అంటే రేపటి ధరల మీద, వడ్డీల మీద ఇవాళే కుదుర్చుకునే ఒప్పందాల) బేరాలు చేసే కంపెనీలు ఏం రాసుకున్నాయో, ఎవరితో ఏం మాట్లాడాయో దాచి ఉంచాలన్నది మీ హుకుం. ఎలా దాచాలో, ఎన్నాళ్లు దాచాలో మీరు చెబుతారు. ఏమేం దాచాలో 1.35 గారు చెబుతారు. దాస్తే సరిపోదు, మీ మనుషుల మీద ఓ కన్నేసి ఉంచండని ఇంకో రూలు. ఆ కన్ను హైదరాబాద్‌లో చవగ్గా దొరుకుతుందని ఎవరో కనిపెట్టారు. అలా నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చికాగో మాటలు వింటూ కూర్చున్నాను. మీరు క్షేమంగా ఉన్నంతకాలం నా ఫ్లాటు ఈఎంఐ కూడా క్షేమమే కాబట్టి, ఎక్కడైనా నోరు జారితే పెద్ద మనసుతో మన్నించగలరు.

ఈ బేరాలకి అమెరికా ప్రభుత్వం కాపలా పెట్టిన మీ కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ వారిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. రూలు పెట్టే ముందు, మార్చే ముందు జనం ఏమంటారో అడుగుతారు. ఫెడరల్ రిజిస్టర్ అనే సర్కారు గెజిట్‌లో ప్రకటన వేసి, చాలాసార్లు అరవై రోజుల గడువిస్తారు. ఎవరైనా రాయొచ్చు, రాసింది అందరూ చదవొచ్చు. మా కాలనీ లేఅవుట్ మీద అభ్యంతరాలుంటే చెప్పండన్న నోటీసు గడువు అయిపోయిన నాలుగో రోజున అంటించారు. ఆ అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి, మీరు అడగకముందే నా అభిప్రాయం రాసేస్తున్నాను.

మీది పాత వంశం. 1936 నాటి కమోడిటీ ఎక్స్ఛేంజ్ చట్టం మీకు మూలపురుషుడు. 1958లో మీ దేశం ఉల్లిగడ్డల ఫ్యూచర్స్‌ని ఏకంగా నిషేధించింది. చికాగోలో ఇద్దరు ఆసాములు ఉల్లిగడ్డలన్నీ గుప్పిట్లో పెట్టుకుని ధరతో ఆడుకున్నందుకు ఆ శిక్ష. ఆ నిషేధం ఇప్పటికీ అలాగే ఉంది. ఉల్లిగడ్డంటే ప్రభుత్వాలకి ఎందుకంత భయమో తెలుగువాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో మీకు కాగితం చాలు. తర్వాత మైక్రోఫిల్మ్, ఆ తర్వాత ఒకసారి రాస్తే చెరపడానికి వీల్లేని డిస్కులు. ఇవి కాక, మొత్తం కంప్యూటర్‌లోనే దాచుకునే కంపెనీ బయటి సాంకేతిక సలహాదారుణ్ణి ఒకణ్ణి పెట్టుకోవాలి, కమిషన్ అడిగితే అతను కూడా రికార్డులు తీసి ఇవ్వగలగాలి అన్నారు. ఊరెళ్తూ పక్కింటివాళ్లకి తాళంచెవి ఇచ్చి వెళ్లినట్టన్నమాట. 2017లో మీకు జ్ఞానోదయమై డిస్కుల గొడవ, సలహాదారు గొడవ రెండూ తీసేశారు. ఏ పద్ధతిలో దాస్తారో మీ ఇష్టం, అడిగినప్పుడు చెక్కుచెదరకుండా చూపిస్తే చాలన్నారు. పెద్దవాళ్లు మారరంటారు కానీ మీరు మారారు. సంతోషం.

గడువుల దగ్గర మాత్రం మీ లెక్కే వేరు. మామూలు రికార్డు అయిదేళ్లు. నోటిమాట రికార్డింగు ఏడాది. స్వాప్ అయితే అది ముగిసేదాకా, ముగిశాక ఇంకో అయిదేళ్లు. అంటే ఈ రోజు ముప్ఫై ఏళ్ల స్వాప్ ఒకటి కుదిరితే దాని కాగితాలు ముప్ఫై అయిదేళ్లు ఉండాలి. ఈ రోజు పుట్టిన పిల్ల బారసాల, ఓణీల ఫంక్షన్, ఇంజనీరింగ్, పెళ్లి అన్నీ అయిపోయి, తన పిల్లకి బారసాల చేస్తున్నా ఆ ఫైలు అక్కడే ఉంటుంది. మా ఇంట్లో నా పదో తరగతి మార్కుల మెమో మూడేళ్లుగా కనబడట్లేదు.

మీరు ఉత్త దండగని నేననను. 2012లో లైబార్ (బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే) వడ్డీ రేటు గోల్‌మాల్ బయటపడిందంటే అందులో సగం పుణ్యం దాచి ఉంచిన మెసేజీలదే. రేటు తనకి కావలసినట్టు జరిపిపెట్టినందుకు ఒకాయన ఇంకొకాయనకి బోలింజర్ షాంపేన్ సీసా తెరుస్తానని రాతపూర్వకంగా మాటిచ్చాడు. బార్‌క్లేస్ బ్యాంకు మీ కమిషన్‌కే 20 కోట్ల డాలర్లు కట్టుకుంది. 2014లో విదేశీ మారకం కేసు ఇంకా విచిత్రం. వేర్వేరు బ్యాంకుల ట్రేడర్లు కలిసి పెట్టుకున్న ఒక చాట్ గ్రూపుకి 'ది కార్టెల్' అని పేరు. దొంగలు సంఘం పెట్టుకుని, గుమ్మానికి బోర్డు రాయించి, కొబ్బరికాయ కొట్టినట్టుంది.

కానీ దొంగలకీ బుద్ధి వస్తుంది కదండీ. అక్కడే మనకి తేడా వచ్చింది.

చిన్నప్పుడు మా తాత నన్ను పెబ్బేరు సంతకి తీసుకెళ్లేవాడు. ఎద్దు పళ్లు చూసి, నాలుగడుగులు నడిపించి చూశాక దళారి వచ్చి తాత కుడిచెయ్యి పట్టుకునేవాడు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పేవాడు. ఇక లోపల వేళ్లు మాట్లాడుకునేవి. ఏ వేలు పడితే ఎన్ని వేలో, ఎన్ని వందలో వాళ్లకే ఎరుక. పైన నోళ్లు మాత్రం "ఏం మామా, పిల్లలు బాగున్నరా, వానలెట్లున్నయ్?" అనుకునేవి. తాత మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. బేరం కుదిరితే తువ్వాలు తీసి, దులిపి, భుజాన వేసుకుని పోయేవాడు.

ఆ రోజు మీరు సంతలో ఉండి ఉంటే "పిల్లలు బాగున్నరా" అన్న మాటని ఏడాదిపాటు భద్రంగా దాచి ఉండేవారు. ధర తువ్వాలుతో పాటు ఇంటికి వెళ్లిపోయేది.

మీ వాల్‌స్ట్రీట్ వాళ్ల తువ్వాలు పేరు వాట్సాప్. సొంత ఫోన్లో అక్కడ అనుకున్నది కంపెనీ రికార్డులోకి చేరదు. 2021 డిసెంబర్‌లో ఒక పెద్ద బ్యాంకు ఈ తువ్వాలు కప్పుకున్నందుకు మీ కమిషన్‌కి 7.5 కోట్ల డాలర్లు, షేర్ల మార్కెట్‌ని చూసుకునే సెక్యూరిటీస్ కమిషన్‌కి 12.5 కోట్ల డాలర్లు కట్టింది. 2022 సెప్టెంబర్‌లో మీవాళ్లు పదకొండు సంస్థల దగ్గర 71 కోట్ల డాలర్ల పైన, అటువాళ్లు పదహారు కంపెనీల దగ్గర 110 కోట్ల డాలర్ల పైన వసూలు చేశారు. ఒక బ్యాంకులో ట్రేడింగ్ డెస్క్ పెద్దే కింద ఉన్నవాళ్లకి మెసేజీలు చెరిపేయండి, సిగ్నల్ యాప్‌లో మాట్లాడండి అని చెప్పేవాడట. కాపలా కాయవలసిన పెద్దలే తువ్వాలు కింద చెయ్యి పెట్టి కూర్చున్నారు. తమాషా ఏమిటంటే, ఇన్ని కోట్లు కట్టింది ఏం మాట్లాడారని కాదు, ఎక్కడ మాట్లాడారని. ఏం మాట్లాడారో తెలుసుకోవాలంటే ముందు అది దొరకాలిగా.

మా దేశంలో షేర్ల మార్కెట్‌కి కాపలా కాసే సెబీ వారు కూడా మీ దారిలోనే ఉన్నారు. క్లయింటు చెప్పకుండా బ్రోకరు ట్రేడు వేయకూడదని, సంతకం చేసిన కాగితమో, ఫోన్ రికార్డింగో, ఈమెయిలో, ఎస్సెమ్మెస్సో ఆధారంగా ఉండాలని 2018 మార్చిలో చెప్పారు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారని లెక్క తీసిందీ వారే. మా బావమరిది ఆ 93లో ఉన్నాడు. ట్రేడు వివరాలుండే కాంట్రాక్ట్ నోటు మెయిల్‌కి రాగానే డిలీట్ కొడతాడు. అసలు రికార్డు బ్రోకరు దగ్గర పదిలంగా ఉంది. వాడి భార్యకి మాత్రం ఇప్పటికీ తెలీదు.

సరే, తువ్వాలు కిందవి మీకు దొరకవు. దొరికినవి నేను వింటాను. అందులో ఏది దాచాలన్నది 1.35 గారు 2012లో తేల్చారు: ట్రేడుకి దారితీసిన మాటలన్నీ. పెళ్లికి దారితీసిన మాట ఏదో పెళ్లిచూపుల్లో కూర్చున్నవాళ్లకే తెలీదు, కంపెనీలకి ఎలా తెలుస్తుంది? అందుకని మొత్తం టేపు తిప్పి ఉంచుతున్నారు. మూడేళ్లలో కలిపి 50 లక్షల డాలర్ల రాబడి దాటని చిన్న ఇంట్రడ్యూసింగ్ బ్రోకర్లని (క్లయింట్ల ఆర్డర్లు తెచ్చి పెద్ద కంపెనీలకి అందించేవాళ్లని) ఈ టేపుల గొడవ నుంచి వదిలేశారు. చిన్నవాళ్లు తప్పు మాట్లాడరని కాదు, టేపు ఖర్చు తట్టుకోలేరని.

మొన్న ఒక మొక్కజొన్న ట్రేడరు ఐయోవాలో ధాన్యం గిడ్డంగి మేనేజరుకి ఫోన్ చేసి "మీ దగ్గర వాన పడిందా?" అన్నాడు. మా పాలమూరులో ఇది పలకరింపు. వాన పడిందా అంటే అన్నం తిన్నావా అన్నట్టే. కానీ జులైలో ఐయోవా మొక్కజొన్న పూత మీద ఉంటుంది. అప్పుడు పడిన వానకి చికాగోలో ధర కిందకి దిగుతుంది. అంటే ఈ వాన కబురా, వ్యాపారమా? దీనిమీద నేను, నా టీమ్ లీడు, న్యూజెర్సీలో ఒక లాయరు గంటంపావు మాట్లాడుకున్నాం. ఆ మీటింగు కూడా రికార్డయింది.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

ఒక నవంబర్ రాత్రి నా క్యూలోకి ఒక కాల్ వచ్చింది. కాల్స్‌ని ముందుగా జల్లెడపట్టే యంత్రానికి అర్థం కాలేదు. ఇంగ్లిష్ కాదు కాబట్టి ఎర్ర జెండా, మధ్యలో 'టికెట్' అన్న మాట వినిపించింది కాబట్టి ఇంకో ఎర్ర జెండా. ట్రేడు వివరం రాసే చీటీని అక్కడ టికెట్ అంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అచ్చ గుంటూరు యాస.

"టికెట్ వేసేశావా?"

"వేసేశానన్నా. పదమూడు యాభైకి."

"అయ్యో, తొందరపడ్డావురా. బుధవారం దాకా ఆగితే ఇంకా దిగేది."

"మా ఆవిడ ఆగనిస్తేగా!"

సంక్రాంతికి హైదరాబాద్ విమానం టికెట్టండీ. పదమూడు వందల యాభై డాలర్లు. నా ఖర్మకి ఆ రోజుల్లో సోయా ధర కూడా బుషెల్‌కి (అక్కడి గింజల కొలత) పదమూడున్నర డాలర్ల దరిదాపుల్లోనే ఆడుతోంది. అందులో ఒకాయనది సోయా డెస్కు.

ఉన్నదున్నట్టు అనువాదం చేసి, ఇది పండక్కి ఇంటికొచ్చే టికెట్ అని రాసి పంపాను. న్యూయార్క్ నుంచి జవాబొచ్చింది. 'మా ఆవిడ' అన్నది ఎవరు? కంపెనీ అనుమతించిన వ్యక్తుల జాబితాలో ఉన్నారా? కొనుగోలు సమయాన్ని నిర్ణయించే అధికారం ఆవిడకి ఎవరిచ్చారు? నేను నలభై నిమిషాలు కూర్చుని వివరణ రాశాను. తెలుగు ఇళ్లలో ఆ అధికారం ఒకరిచ్చేది కాదని మొదట రాసి, తర్వాత కొట్టేసి, "భార్య" అని మాత్రం ఉంచాను. సంక్రాంతి అంటే ఏమిటో, జనవరిలో టికెట్లెందుకు మండిపోతాయో, నవంబర్‌లోనే ఎందుకు కొనాలో కూడా రాయాల్సి వచ్చింది. భోగి, కనుమ గురించి అనుబంధం జతచేశాను. ఆ ఇద్దరి గొంతు ఏడాదికి చెరిగిపోవచ్చు. ఆ గొంతు గురించి నేను రాసిన కనుమ వివరణ మాత్రం మా కంపెనీలో అయిదేళ్లు ఉంటుందట.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఒక మనిషి పూర్తిగా విని "ఇది ఉత్త కబురు" అని సంతకం పెడితే, ఆ కబురుని పారేసే వీలు కల్పించండి. అలాగైతే దొంగ కూడా తన మాటలన్నీ కబుర్లే అంటాడుగా అంటారా? అంటాడు, నాకూ తెలుసు. అందుకే మీరు ఈ మనవి తోసిపుచ్చుతారు. తోసిపుచ్చుతూ తుది ప్రకటనలో, రెండు వందల చిల్లర పేజీల మధ్యలో ఎక్కడో, "ఒక వ్యాఖ్యాత ఇలా అభిప్రాయపడ్డారు, కమిషన్ ఏకీభవించడం లేదు" అని రాస్తారు. నా పేరు ఫుట్‌నోట్‌లో ఉంటుంది. మా అమ్మకి చూపిస్తాను.

ఆ టికెట్ విచారణ నడుస్తుండగానే సదరు ఉద్యోగులిద్దరినీ పిలిచి అడిగారట. మర్నాటి రాత్రి మళ్లీ ఎర్ర జెండా. ఈసారి యంత్రం సరిగ్గానే పట్టింది.

"అన్నా, మన ఫోన్లు ఎవరో వింటున్నారంట. తెలుగు కూడా వచ్చంట వాడికి."

"సరే అయితే. ఇకనుంచి ఇంటి సంగతులన్నీ వాట్సాప్‌లోనే."

అదే ఆఖరు. ఆ తర్వాత ఆ ఇద్దరి తెలుగు నా క్యూలోకి రాలేదు. పండక్కి వచ్చారో లేదో తెలీదు.

ఇట్లు,
తమ విధేయుడు,
రాత్రి షిఫ్టు, నానక్‌రామ్‌గూడ

తా.క.: ఆఫీసు అనుమతి లేకుండా రూల్స్ మీద బహిరంగంగా రాయకూడదని మాకో రూలుంది కాబట్టి, ఇది చేత్తో రాసిన కాగితం. కాగితమైతే మొదటి రెండేళ్లు అడగ్గానే తీసి చూపించాలన్నారు కదా. బీరువాలో, పట్టుచీరల కింద పెట్టాను. ఎప్పుడైనా రండి.