సూదుల తర్వాత వారం సంగతి ఎవరు చెబుతారు?

లంచ్ టైమ్‌లో వెళ్లి చేయించుకుని సాయంత్రానికి మళ్లీ ఆఫీసులో కూర్చోవచ్చట. మొటిమల గుంతలు పూడుస్తామంటూ ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) మైక్రోనీడ్లింగ్ చేసే స్కిన్ క్లినిక్‌ల రీల్స్‌లో తరచూ వినిపించే మాట ఇది. కూర్చోవచ్చు, కాదనం. కానీ ఆ సాయంత్రం ముఖం ఎలా ఉంటుందో, మర్నాడు పొద్దున అద్దంలో ఏం కనిపిస్తుందో ఆ రీల్‌లో ఉండదు. మా గొడవంతా దాని గురించే.

ఇంతకీ ఇందులో జరిగేదేమిటంటే, సన్నటి సూదులు చర్మంలోకి మిల్లీమీటరో రెండో, గుంతలు లోతుగా ఉంటే మూడు దాకానో దిగుతాయి, అక్కడ రేడియో తరంగాల శక్తి వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి లోపలి పొర అక్కడక్కడా చుక్కలు చుక్కలుగా కాలుతుంది. ఇది పొరపాటున జరిగేది కాదు, కావాలనే చేసేది. ఆ గాయం మానే క్రమంలోనే చర్మానికి బిగువునిచ్చే ప్రోటీన్ కొల్లాజెన్ కొత్తగా పుట్టి గుంత కొంత పైకి లేస్తుంది. గాయం లేకపోతే ఫలితమే లేదు. మరి గాయమన్నాక మానడానికి రోజులు పట్టవా?

పడతాయి. మత్తు క్రీమ్ ప్రభావం పోయాక మొదలయ్యే మంట చాలామందికి ఆ రాత్రికే తగ్గుతుంది. ఎరుపు, వాపు ఒకటి నుంచి మూడు రోజులు. రెండో రోజు పొద్దున కళ్ల కింద ఉబ్బి ఉంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలే. ఎరుపు తగ్గాక అసలైనది కనిపిస్తుంది: బుగ్గల మీద వరసలు కట్టిన చిన్న చిన్న చుక్కలు, వేలితో తడిమితే గరగరలాడే సన్నటి పెచ్చులు. సూదుల తల మోపిన చోటల్లా గళ్ల అచ్చు పడ్డట్టుంటుంది. అవి రాలడానికి దాదాపు వారం, లోతుగా చేస్తే ఇంకాస్త ఎక్కువ. గోరుతో గిల్లితే మాత్రం గుంత పోగొట్టుకోబోయి మచ్చ తెచ్చుకున్నట్టే. ఇక పూర్తి ఫలితం చూడాలంటే నెలకోటి చొప్పున మూడు నాలుగు సిట్టింగ్‌లు, ఆపైన మరో మూడు నెలలు ఆగాలి.

ఈ వారం రోజులూ ఎవరెలా గడుపుతారన్నది క్లినిక్‌లకు పట్టదు. ఏసీ గదిలో పనిచేసేవాళ్లు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుంటారు. బట్టల షాపులో రోజంతా కస్టమర్ల ముందు నిలబడే అమ్మాయికి ఆ వీలేది? బైక్ మీద తిరిగే కుర్రాడికి చెమటతో తడిసిన హెల్మెట్ స్పాంజి సరిగ్గా ఆ బుగ్గలనే రాస్తుంది. మొదటి రోజు మేకప్ వద్దు, రెండు మూడు రోజులు జిమ్ వద్దు, ఈత వద్దు, ఆవిరి వద్దు, పెచ్చులు పోయేదాకా షేవింగ్ జోలికి పోకుండా ఉంటే మేలు, రెటినాల్ (విటమిన్ ఎ రకం) క్రీములు కనీసం వారం పక్కన పెట్టాలి. ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా అడుగు బయట పెట్టకూడదు. వీటిలో కొన్ని పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు పాటించడమే కష్టం. డబ్బు కట్టకముందే చెబితే, జనం సెలవు చూసుకునైనా వస్తారు కదా!

పెళ్లిళ్ల సంగతి మరీ ఘోరం. ముహూర్తానికి పది రోజుల ముందు బ్రైడల్ ప్యాకేజీ అంటగడతారు. ఇంకా మానని ఆ చర్మం మీద ఇంట్లో నలుగు పెట్టి సున్నిపిండితో రుద్దుతారు, ఆపైన పసుపు, ఆపైన బ్యూటీషియన్ మేకప్. పెద్దవాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకు సూదుల సంగతి చెప్పిందెవరు? పెళ్లికి కనీసం రెండు మూడు నెలల ముందే ముగించలేకపోతే పెళ్లయ్యాకే చేయించుకోండి, ఫొటోల్లో గుంతలు కనిపిస్తే కొంపలేం మునగవు.

మన ఛాయకు లేజర్ కన్నా ఇదే మేలంటారు. లేజర్లలో చాలావాటిలా ఇది చర్మపు రంగును పట్టుకుని పనిచేయదు కాబట్టి అందులో నిజముంది. అయితే చామనఛాయ చర్మం ఏ గాయానికైనా నల్లమచ్చతో బదులిచ్చే రకం, అది నెలల తరబడి ఉండిపోవచ్చు. అప్పుడు జనం చేసే పని మెడికల్ షాపుకెళ్లి ఏదో ఒక స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ కొనుక్కోవడం, దాంతో చర్మం పల్చబడి కొత్త తలనొప్పి మొదలు. రోజులు గడిచేకొద్దీ తగ్గాల్సిన నొప్పి పెరిగినా, బొబ్బలెక్కినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా వెళ్లాల్సింది డాక్టర్ దగ్గరికి. పెదవుల చుట్టూ పుండ్లు వచ్చే అలవాటున్నవాళ్లు ఆ సంగతి ముందే చెబితే వాటికి కారణమైన వైరస్‌ను అణిచే మందు ఇస్తారు.

ఇదంతా మేం భయపెట్టడానికి చెప్పడం లేదు. అనుభవమున్న చేతుల్లో ఈ చికిత్స పనిచేస్తుంది, గుంతల వల్ల ఏళ్ల తరబడి తలెత్తి మాట్లాడలేకపోయినవాళ్లకు అది చిన్న సాయం కాదు. కానీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 అక్టోబర్‌లో ఈ యంత్రాలపైనే హెచ్చరిక జారీ చేసింది. కాలిన గాయాలు, మచ్చలు, చర్మం కింద కొవ్వు కరిగిపోవడం, నరాలు దెబ్బతినడం లాంటి ఫిర్యాదులు అందాయని, ఇది వైద్య ప్రక్రియే తప్ప సౌందర్య చికిత్స కాదని, ఇంట్లో చేసుకునేది అసలే కాదని తేల్చిచెప్పింది. ఇక్కడేమో అమ్మకాల టార్గెట్‌లున్న కౌన్సెలర్ ప్యాకేజీ అమ్ముతారు, 'ఈ రోజే కడితే డిస్కౌంట్' అంటారు, డాక్టర్ ముఖం కనపడేది డబ్బు కట్టాకే, ఒక్కోసారి అదీ ఉండదు.

మేం అడిగేది పెద్ద సంస్కరణేం కాదు. అడ్వాన్స్ తీసుకునే ముందు తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి: సూదులు ఎంత లోతు దిగుతాయి, ఎన్ని రోజులు ముఖం ఎలా ఉంటుంది, ఏం చేయకూడదు, యంత్రం పట్టుకునేది ఎవరు, వాళ్ల మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, అర్ధరాత్రి ముఖం వాచిపోతే ఫోన్ ఎత్తేదెవరు. రెండు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లూ, వైద్యారోగ్య శాఖలూ తల్చుకుంటే దీన్ని తప్పనిసరి చేయడం కష్టమేం కాదు. అప్పటిదాకా మీరే అడగండి. కాగితం అడిగితే నీళ్లు నమిలే చోట అడ్వాన్స్ కట్టకండి.